ఎడమచేతి వాటం

పందొమ్మిది వందల నలభై నాలుగు, జనవరి పద్దెనిమిది, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలు. వాయవ్యం నుంచి గాలి, మంచు లేదు, ఆకాశం నిండా పసుపుపచ్చని దుమ్ము, కిటికీకి అంటించిన కాగితం ఆయాసపడేవాడి డొక్కలా లోపలికీ బయటికీ ఆడుతోంది. కోటలో దిగిన జపాను దండు గడియారంలో అప్పటికే నాలుగూ నలభై, ఎందుకంటే వాళ్లు తమ దేశపు పొద్దునే ఉత్తర చైనాలోని ఈ హోపే మైదానం మీద కూడా పొడిపిస్తారు; వాళ్ల దుబాసీ వెయ్ ఆ గడియారం ప్రకారం అయిదు దాటాక పని దిగి గాడిదమాంసం తినడానికి ఈ దుకాణానికి వస్తాడు. అంటే ఇంకో గంటలోపు. మియావ్ సుచిన్ వెనక కొట్టులో, తరిగిన గడ్డి బస్తాల మీద, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది. పక్కన ఆమె గెరిల్లా దళం నాయకుడు పాంగ్. ఎదురుగా, దుబాసీ తినే లోగదిలోకి తెరుచుకునే గుమ్మానికి వేలాడే జొన్నచాప. వెయ్ నోరు గిన్నె మీద ఉన్నప్పుడు పాంగ్ ఆ చాప తప్పించి లోపలికి అడుగుపెట్టి కాల్చాలి. సుచిన్ అతనికి కుడిపక్కన నిలిచి, అవసరమైతే రెండో పిస్తోలు అందించాలి. ఆమె కాల్చకూడదు. కాల్చనని ఆమె, కాల్చమని అడగనని అతను శరదృతువులోనే ఒక మాట అనుకున్నారు.

ఆ వాసన ఆమెకు పడదు. దుకాణం ముందుభాగంలో పెద్ద ఇనప బానలో పొద్దుటి నుంచీ మాంసం ఉడుకుతోంది. ఆ ఆవిరి చాప కన్నాల్లోంచి వచ్చి నాలుక మీద కొవ్వు పొరలా పేరుకుంటోంది, మింగితే గొంతులోకి జారి అక్కడే ఆగుతోంది. ఊళ్లో అందరికీ నోరూరించే వాసనే ఇది. ఆమెకూ ఒకప్పుడు ఊరేది. ఆ రోత ఎక్కడ మొదలైందో ఆమెకు స్పష్టంగా తెలుసు: నువ్వులనూనె గానుగ దగ్గర, కాపలావాడి దూదికోటు దగ్గర. పిస్తోలు మూతిని ఒంటికి ఆనించి కాలిస్తే చప్పుడు తగ్గుతుందని పాంగ్ చెప్పాడు, ఆమె అలాగే కాల్చింది, తగ్గింది. కోటులోని దూది అంటుకుంటుందని మాత్రం చెప్పలేదు, బహుశా అది చెప్పవలసిన సంగతి అని అతనికి తోచి ఉండదు. పడిపోయినవాడి రొమ్ము మీద దూది మంట లేకుండా, ఎర్రటి అంచుతో, నింపాదిగా వెడల్పవుతూ కాలింది. ఆ వాసనలో దూదిది కొంత భాగమే. తన పై పెదవి మీద వెచ్చగా ఏదో పడింది. ఆ కంగారులో నాలుకతో తుడుచుకుంది. అదేమిటో నాలుకకు ముందు తెలిసి, మనసుకు తర్వాత తెలిసింది. ఆ తర్వాత వారంలో దళం వార్తాపత్రిక కోసం అచ్చు తీసే మైనపు కాగితం మీద అక్షరాలు గీస్తూ ఆ సంఘటనకు ‘వీరోచితంగా’ అన్న మాట వాడింది. గీస్తున్నంతసేపూ నాలుకను పళ్ల వెనక దాచుకుంది. రైఫిలు పేల్చేవాడికి ఎదుటివాడు పొలం చివర కదిలే ఒక మచ్చ. పిస్తోలు పేల్చేవాడికి అతను పొద్దున ఏం తిన్నాడో తెలుస్తుంది, మెడ మీది కురుపు తెలుస్తుంది, అతని భార్య కోటుకు వేసిన అతుకు ఏ రంగు దారంతో కుట్టిందో తెలుస్తుంది. ఇంత తెలిసిన తర్వాత చంపడం యుద్ధం అనిపించుకోదు, మరేదో అవుతుంది. ఆ మరేదానికి విశ్వవిద్యాలయంలో చదివిన రెండేళ్లలో ఏ పేరూ నేర్పలేదు.

అక్కడ నేర్పినది భౌతికశాస్త్రం. పెయ్‌పింగ్ నగరంలో, ఆవిరి గొట్టాలతో వెచ్చగా ఉండే గదిలో, లోలకాలు, వాలుతలాలు. నగరం జపానువాళ్ల చేతికి పోయాక ఈ మైదానానికి నడిచి వచ్చింది, దేశాన్ని నిలబెట్టడానికి. దళం ఆమెకు మొట్టమొదట ఇచ్చిన పనిముట్టు ఒక ఆకురాయి. కొత్తవాళ్లందరికీ అదే ఇస్తారు. కొయ్యపెట్టెలో పెట్టుకుని తిరిగే పిస్తోలు కాబట్టి దాన్ని ఇక్కడ పెట్టె ఫిరంగి అంటారు. నడుం నుంచి దూసేటప్పుడు గొట్టం కొసన ఉండే గురిబుడిపె బట్టకు తగులుకుంటుందని ఆకురాయితో ఆ బుడిపెను నున్నగా అరగదీస్తారు. గురి చూసే అవసరం ఎవరికీ రాదు, అంత దగ్గర్నుంచి కాలుస్తారు. అరగదీస్తున్నప్పుడు రాలిన ఇనప పొడి ఆమె గోళ్ల సందుల్లో చాలాకాలం ఉండిపోయింది. ఆ తర్వాత పట్టు నేర్పుతారు: నిటారుగా పట్టుకోకూడదు, అరచెయ్యి నేలను చూసేలా పిస్తోలును పక్కకు పడుకోబెట్టాలి. ట్రిగ్గర్ నొక్కి ఉంచితే తూటాలు వరసగా పోతాయి; నిటారుగా ఉంటే పేలిన ప్రతిసారీ గొట్టం పైకి లేచి చివరి తూటాలు కప్పుకు తగులుతాయి. పడుకోబెడితే అదే ఎగురు అడ్డంగా మారి, కొడవలి కోసినట్టు గదిని ఒక వైపు నుంచి ఇంకో వైపుకు కోసుకుంటూ పోతుంది. ఎడమ వైపుకు. అందుకే దళంలో ఒక కట్టుబాటు: మనవాళ్లెవరైనా కాల్చేవాడికి కుడి పక్కనే ఉండాలి. ఈ లోగదిని ఎంచుకున్నదీ అందుకే. గుమ్మానికి ఎదురుగా దుబాసీ కూర్చునే బల్ల, ఎడమన ఖాళీ గోడ, కుడివైపు, అడుగున పొయ్యి వేడి పాకే ఇటుక అరుగు, ఆ అరుగు మీద దుకాణదారు గెంగ్ షౌథియన్ తల్లి.

ఆవిడ అక్కడ ఎప్పుడూ ఉంటుంది, బట్ట పొరలు కలిపి చెప్పుల అడుగులు కుడుతూ. ఇవాళ ఉండకూడదని కొడుకు పొద్దుటి నుంచీ పోరుతున్నాడు. ఇప్పుడు కూడా, చాపకు అవతల, అతను తగ్గించినా గొంతు వినిపిస్తోంది.

“అమ్మా, కాసేపు పక్కింట్లో కూచోరాదూ? నీకు దండం పెడతా.”

“నేను కనపడకపోతే ఆ వెయ్‌గాడు లోపలికొస్తూనే ‘పెద్దమ్మ ఏదీ’ అంటాడు. ఏం చెప్తావురా? పెళ్లిచూపులకెళ్లిందని చెప్తావా?”

“చప్పుడుకి నీ గుండె ఆగిపోతుందే.”

“నాకో చెవి ఎప్పుడో పోయింది. సగం చప్పుడే వినపడుద్ది. చస్తే సగమే చస్తాలే, పో, బాన కలుపు. అడుగంటుతోంది.”

పాంగ్ భుజాలు నవ్వుతో కదిలాయి. మునుపు కంచరగాడిద బండి తోలినవాడు, దాన్ని తిట్టడానికి వాడిన మాటలతోనే ఇప్పుడు దళాన్ని నడుపుతున్నాడు. మనుషుల మీద కోపం రాని మనిషి. దుబాసీ మీద మాత్రం వస్తుంది. పోయిన వేసవిలో పక్క ఊరి బావి దగ్గర జనాన్ని వరసగా మోకాళ్ల మీద కూర్చోబెట్టి, దళం ఎక్కడుందని జపాను అధికారి అడిగితే, ఒక్కొక్కరూ తెలియదన్నారు. వెయ్ ప్రతిసారీ దాన్ని జపాను భాషలో ‘చెప్పనంటున్నాడు’ అని తిప్పి చెప్పాడు. ఆ భాష కొద్దిగా వచ్చిన వైద్యుడొకడు గుంపులో ఉండి బతికాడు కాబట్టి సంగతి తెలిసింది. ఆ బావి నీళ్లు ఇప్పటికీ ఎవరూ తాగరు. వెయ్ పేరు తలచినప్పుడు సుచిన్‌కు కలిగేది కోపం కాదు, చెయ్యి పెట్టిన చోట మెత్తగా ఏదో తగిలినప్పటి జలదరింపు. ఎంత చిన్న పని, నాలుకతో చేసినది, ఒక క్రియాపదం మార్చడం. వాడిని తీసెయ్యాలి. ఎవరో ఒకరు. తను తప్ప ఎవరైనా. ఇక్కడే ఆమెకు తన మీద రోత: మాంసం కావాలి, కత్తి మాత్రం వేరేవాళ్లు పట్టాలి అనేవాళ్లను చిన్నప్పుడు ఎంత ఎగతాళి చేసేది.

“చెయ్యి ఎలా ఉందన్నా?” అంది గుసగుసగా, ఆలోచన తెంచుకోవడానికి.

“ఉడికిన దుంపలా ఉంది. ఉప్పేసుకు తినొచ్చు.” పాంగ్ కుడిచేతికి చుట్టిన గుడ్డ విప్పి చూపించాడు. చలికి పగిలి చీము పట్టిన వేళ్లు ఒకదానికొకటి ఆనుకుని, మెరుస్తూ, ఎవరివో అన్నట్టు ఉన్నాయి. చూపుడువేలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనప కమ్మీలో దూరే ప్రసక్తే లేదు.

“మరి?”

“మరేముంది? రెండో చెయ్యి పుట్టింది ముక్కు చీదుకోడానికేనా?” అంటూ ఎడమచేత్తో నడుం నుంచి పిస్తోలు తీసి, అరచెయ్యి నేలను చూసేలా పడుకోబెట్టి, గాలిలో ఒకసారి ఆడించి చూసుకున్నాడు. మళ్లీ ఒడిలో పెట్టుకున్నాడు.

ఆ కదలిక ఆమె కళ్లలో ఉండిపోయింది. బాన కింద ఎవరో కట్టె ఎగదోశారు. మంట వెలుగు చాప కన్నాల్లోంచి వచ్చి గడ్డి మీద చుక్కలు చుక్కలుగా పడింది, లోలకాల గదిలో ఉదయపుటెండ ఇలాగే జాలీలోంచి పడేది, ఆచార్యుడు సుద్దముక్కతో బాణం గీసి, వస్తువు స్వభావం అని ఏదీ లేదు అమ్మాయీ, ఏ వైపు నుంచి తోపు వస్తోందో అదే అడుగు, అనేవాడు, ఆయనకు సుద్దపొడి పడక ఎప్పుడూ దగ్గు, ఆ దగ్గు, పాంగ్ చెయ్యి, అరచెయ్యి కిందికి, ఎడమచెయ్యి, గొట్టం పైవైపు ఎటు చూసింది? కుడిచేతిలో పడుకోబెడితే పిస్తోలు వీపు ఎడమకు తిరుగుతుంది, ఎగురు ఎప్పుడూ వీపు వైపుకే, కాబట్టి ఎడమకు. ఎడమచేతిలో పడుకోబెడితే వీపు కుడికి. ఆమె తన రెండు చేతులూ చీకట్లో చాచి, ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూసింది, చిన్నపిల్లల ఆటలా. కుడికి. బల్ల నుంచి మొదలై కుడికి, అరుగు మీదికి, చెప్పుల అడుగుల మీదికి. తను నిలబడవలసిన చోటు కూడా అదే, కాని తను తప్పుకోగలదు. ఇన్నేళ్లలో ఇది ఎవరికీ ఎందుకు తట్టలేదు? దళంలో ఎవరూ ఎడమచేత్తో కాల్చలేదు కాబట్టి. అందరికీ ఎడమకే పోవడం వల్ల, అది పిస్తోలు గుణం అనుకున్నారు.

“పాంగ్ అన్నా. ఆ చేత్తో పడుకోబెడితే అది కుడికి పోతుంది.”

“పోదు. ఇది ఎడమకు లాగే రకం. మా కంచరగాడిద కూడా అంతే, చచ్చేదాకా ఎడమకే లాగింది. ఎన్నేళ్లుగా కాపురం చేస్తున్నా దీంతో, దీని బుద్ధి నాకు తెలీదా?”

“దాని బుద్ధి కాదు, నీ చేతి బుద్ధి. చెయ్యి మారితే పక్క మారుతుంది. కుడి పక్కన పెద్దమ్మ ఉంది.”

“మీ విశ్వవిద్యాలయంలో పిస్తోలు కాపురాలు కూడా చెప్పారా, చదువుల చెల్లీ?”

“నిటారుగా పట్టుకుని ఒక్కటే కాల్చు.”

“ఒక్కొక్కటి పేల్చే మీట దీనికి అరిగిపోయింది. నొక్కితే కడుపులో ఉన్నదంతా కక్కుద్ది.”

“నాది తీసుకో. ఇది ఒక్కొక్కటే పేలుతుంది.”

“ఎడమచేత్తో ఒక్క తూటా అంటే నేను ఈ గోడనైనా కొట్టలేను. ధార కడితే ఏదో ఒకటి తగులుద్ది.” పాంగ్ ఆమె ముఖంలోకి చూశాడు, నవ్వు తగ్గింది. “చెల్లీ, లెక్క నీకు తెలుసు, పిస్తోలు నాకు తెలుసు. ఇవాళ వదిలేస్తే వాడు వచ్చే వారం మన కొత్తేడాదికి పట్నం పోతాడు. మళ్లీ ఏ ఊరి బావి దగ్గర తేల్తాడో చెప్పు, పోనీ.”

అతనన్నదీ నిజమే. అతన్ని ఆపితే ఇంకొక బావి. వదిలేస్తే ఈ అరుగు. మూడోది ఒకటుంది, దాన్ని చూడకుండా ఆమె మనసు గది నాలుగు మూలలా తిరిగింది, గడ్డి, కుండ, ఎలుక తవ్విన మన్ను, పాంగ్ వేళ్ల నుంచి వస్తున్న చీము వాసన, మళ్లీ అదే మూడోది. తొడకు ఒత్తుకుంటున్న కొయ్యపెట్టె. పై పెదవి దానంతటది లోపలికి ముడుచుకుంది.

ముందు దుకాణంలో బూట్ల చప్పుడు. వెంట వచ్చిన కాపలావాణ్ణి గెంగ్ సారా గిన్నెతో వాకిట్లోనే ఆపుతున్నాడు, బతిమాలుతున్నాడు, నవ్వుతున్నాడు. లోగదిలో తెర కదిలింది.

“ఏం పెద్దమ్మా, ఇంకా బతికే ఉన్నావా?”

“నువ్వు ముందు నడువు నాయనా, నీ వెనకే నేనూ వస్తా.”

దుబాసీ పకపకా నవ్వాడు. మంచి నవ్వు, పిల్లలున్న మనిషి నవ్వు. “ఇదిగో, నీకు తెచ్చా, చక్కెరపాకం ముద్ద. ఇవాళ పొయ్యిదేవుడు పైకెళ్లి ఊళ్లో అందరి మీదా చాడీలు చెప్తాడుగా, నోరు అంటుకుపోవాలని ఆయన మూతికి పూస్తారు. నువ్వూ ఇంత తిను. నా మీద ఏం చెప్పకు.”

“నాకు పళ్లేవి? నువ్వే తిను. నీకే అవసరం.”

బెంచీ జరిగింది. గిన్నె పెట్టిన చప్పుడు, జుర్రుకున్న చప్పుడు. వేడివేడి రొట్టెలో మాంసం కుక్కి తింటున్నాడు. నములుతూ ముక్కుతో ఊపిరి తీస్తున్నాడు. ఆ ఊపిరిలోని సంతోషం చాపకు ఇవతలికి స్పష్టంగా వినిపించింది. వీణ్ణి అసహ్యించుకోవడం ఎంత తేలిక, ముసలిదానికి మిఠాయి తెచ్చేవాణ్ణి అసహ్యించుకోవడం ఎంత కష్టం, రెండూ ఒకే మనిషి, ఒకే నోరు. పాంగ్ లేచాడు. ఎడమచేతిలో పిస్తోలు, పడుకోబెట్టి. సుచిన్ అతని రొమ్ము మీద అరచెయ్యి పెట్టి వెనక్కి నెట్టింది, అంత గట్టిగా నెడుతుందని ఆమె కూడా అనుకోలేదు. అతను బస్తాల మీద కూలబడ్డాడు. కొయ్యపెట్టె మూత తెరుచుకుంది. చాప పక్కకు జరిగింది.

బల్ల ఆమె అనుకున్నదానికన్నా దగ్గర. వెయ్ తలెత్తాడు, బుగ్గ ఉబ్బి, పెదాల మీద కొవ్వు మెరుస్తూ. ఆమె నిటారుగా పట్టుకుని నొక్కింది. పిస్తోలు సుత్తి టక్కున పడింది, తూటా పేలలేదు. దళంవాళ్లు చేత్తో మందు నింపిన తూటా, తుస్సుమంది. ఆ నిశ్శబ్దంలో అతను నమలడం ఆపలేదు, అదే ఆమెను ఎప్పటికీ వదలని సంగతి, దవడ ఇంకా రెండుసార్లు ఆడింది, ఏం జరుగుతోందో దవడకు ఇంకా చేరనట్టు. ఆమె పిస్తోలు బోల్టు వెనక్కి లాగింది. పేలని తూటా ఎగిరి నేల మీద దొర్లింది. “అమ్మాయీ, నువ్వు ఎవరి...” అన్నాడు అతను నిండు నోటితో, కోపంగా కాదు, గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు. రెండోది పేలింది. పిస్తోలు లెక్క చెప్పిన దిక్కుకే, నేరుగా పైకి ఎగిరింది. అతని నోట్లో ఉన్నది బల్ల మీదికి వచ్చింది, దానితోపాటు వచ్చినది గిన్నెలోకి. పులుసు రంగు మారింది, ఆవిరి మాత్రం అలాగే లేస్తోంది. ఈసారి ఆమె పెదాలు బిగించే ఉంచింది.

కుడివైపు ముసలావిడ సూదిని గాలిలోనే ఆపి చూస్తోంది. చూసి, “ఒక్కటేనా?” అంది.

వాకిట్లో కాపలావాడు లోపలికి రావడానికి బదులు కోట వైపుకు పరుగెత్తాడు. ఇక మిగిలిన పని కూడా ఆనవాయితీదే: ఆశ్రయమిచ్చిన ఇంటాయనను కట్టెయ్యాలి, ఒక దెబ్బ వెయ్యాలి, అప్పుడే దండువాళ్లు అతనికి దీనితో సంబంధం లేదని నమ్ముతారు. పాంగ్ కుడిచెయ్యి పనికిరాదు కాబట్టి సుచిన్ కట్టింది. “గట్టిగా కట్టు చెల్లెమ్మా, సిగ్గుపడకు. మా ఆవిడ బతికున్నప్పుడు ఇంతకన్నా గట్టిగా కట్టేది,” అన్నాడు గెంగ్. పాంగ్ ఇనప గరిటెతో అతని నుదుటి మీద కొట్టాడు. చర్మం చిట్లిన చప్పుడు. పాంగూ సుచినూ కొట్టులోని గడ్డి బస్తాల కింద తవ్విన సొరంగంలోకి దిగారు. మట్టి వాసనలో మోచేతుల మీద పాకుతూ ఉండగా సుచిన్ లోపల ఎక్కడో ఒక చిన్న తృప్తి తల ఎత్తింది: లెక్క సరిపోయింది. గొట్టం పైకే లేచింది, అరుగు వైపుకు ఏమీ పోలేదు, ముసలావిడ బతికింది. ఆ తృప్తిని గుర్తించిన క్షణంలోనే పాకడం ఆపి, తన చేతుల మీదికే కక్కుకుంది. వెనక నుంచి పాంగ్ అన్నాడు, “పో చెల్లీ, పో. నేను కూడా అందులోంచే రావాలి.” కొంచెం దూరం పోయాక మళ్లీ అన్నాడు, “నిజంగానే కుడికి పోతుందంటావా?”

ఆ తర్వాత జరిగినది దళానికి కొన్ని వారాల మీద, ముక్కలు ముక్కలుగా తెలిసింది. దుకాణానికి వచ్చిన జపాను అధికారి అరవలేదు, ఎవరినీ కొట్టలేదు. దీపం తెప్పించి గోడలు చూశాడు. పెట్టె ఫిరంగి దళం దిగిన ప్రతి గదినీ అతను అంతకు ముందు చూసి ఉన్నాడు: గోడ జల్లెడ అయి ఉంటుంది, డొల్లలు కాలికింద జారుతుంటాయి. ఇక్కడ గోడకు గీత లేదు. మనిషికి ఒకే ఒక్క గాయం, నేల మీద పేలని తూటా ఒకటి, డొల్ల ఒకటి, అరుగు మీద చెక్కుచెదరని ముసలావిడ. ఆవిడ మీద పడకుండా ఎవరో జాగ్రత్త తీసుకున్నారు. అలా జాగ్రత్త తీసుకునేవాడు బయటివాడు కాడు. అతని తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. సుచిన్ ఎన్ని రాత్రులు వెతికినా దొరకలేదు. మెట్టు మీద మెట్టు, ఆమె కట్టుకున్నట్టే కట్టుకుని, ఆమె చేరిన తలుపు దగ్గరకే చేరాడు. అది పాంగ్ పిస్తోలుతో జరిగి ఉంటే గోడ జల్లెడ అయ్యేది, తల్లి పోయేది, కొడుకును ఎవరూ అనుమానించేవారు కాదు. నుదుటికి కట్టు కట్టుకున్న గెంగ్ షౌథియన్‌ను రైలు కట్ట దాకా నడిపించారు, అక్కడి నుంచి రేవుకు, రేవు నుంచి ఓడలో జపానులోని క్యూషూ దీవి బొగ్గుగనులకు.

పందొమ్మిది వందల యాభై మూడు వేసవిలో, జపానులో చనిపోయిన చైనా కూలీల అస్థికలతో ఒక ఓడ చైనాలోని థాంగ్‌కూ రేవుకు వచ్చింది. గెంగ్ షౌథియన్ పేరు రాసిన పెట్టెను అతని తల్లి వచ్చి తీసుకెళ్లింది.